కంచ గచ్చిబౌలి: పిల్లలు రాసిన రిజిష్టరు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ‘నేటి యువత’ గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం మీద మనబోటి వాళ్ళం మైకు ముందు నిలబడితే ఏమంటామో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కనుక అది వదిలేసి ఒక్క సర్వే నంబరు గురించి చెబుతాను. రెవెన్యూలో గుమాస్తాగా చేరి అక్కడే తల నెరిసినవాడికి అదే చేతనైన పని.

రంగారెడ్డి జిల్లా, కంచ గచ్చిబౌలి గ్రామం, సర్వే నంబరు 25. రికార్డులో దాని పేరు ‘కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ’. కంచ అంటే ఇక్కడ ముళ్ళకంప దడి కాదు, గడ్డికీ పశువుల మేతకీ అట్టేపెట్టిన భూమి. అస్తబల్ అంటే గుర్రాల శాల. పోరంబోకు సంగతి మీకు చెప్పనక్కరలేదు గానీ, మీతో వచ్చిన మనవలూ మనవరాళ్ళ కోసం చెబుతున్నాను. ఎవరి పట్టాలోనూ లేని సర్కారు భూమి అన్నమాట.

దాని పక్కనే, దానితో కలిసి, హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉన్నది. ఆ విశ్వవిద్యాలయం మనకు పరాయిది కాదు. 1969లోనూ, 1972లోనూ జరిగిన ఆందోళనల తరువాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. మన సర్వీసు రిజిష్టర్లలో స్థానిక కేడర్లు వచ్చింది ఆ పథకంనుంచే. ఈ విశ్వవిద్యాలయం వచ్చిందీ ఆ పథకంనుంచే. 1974లో ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడుగారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలైంది. తరువాత ఊరి బయట సుమారు 2,300 ఎకరాలు ఇచ్చారు. ఇచ్చారంటే స్వాధీనం చేశారు. యాజమాన్యం బదలాయించిన ప్రొసీడింగ్సు లేవని ప్రభుత్వం వాదిస్తూ వచ్చింది. పహాణీలో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు ఇంకొక గడి ఎందుకు పెట్టారో రెవెన్యూ వాళ్ళకు తెలుసు. జిల్లాల్లో సగం తగాదాలు ఆ రెండు గడుల మధ్యే పుడతాయి.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. 2003లో అప్పటి ప్రభుత్వం ఈ సర్వే నంబరులో 400 ఎకరాలు క్రీడా సముదాయం కడతామన్న ఒక ప్రైవేటు సంస్థకు కేటాయించింది. 2006లో మరో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కోర్టు వ్యవహారం 2024 దాకా నడిచి ప్రభుత్వం పక్షాన తేలింది. ఈ మధ్యలోనే 2004లో విశ్వవిద్యాలయం 534 ఎకరాల 28 గుంటలు అప్పగించి, బదులుగా గోపన్‌పల్లిలో 397 ఎకరాల 16 గుంటలు తీసుకున్నదని ప్రభుత్వం వారు చూపిస్తున్న కాగితం. 2024 జూన్‌లో ఆ 400 ఎకరాలను రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు బదలాయించారు. కాగితం వరకు చూస్తే ఫైలు బలంగానే ఉన్నది. ఆ సెక్షనులో నేనుంటే నేనూ నోటు అలాగే పెట్టేవాణ్ణి.

అయితే ఫైలులో లేనిదొకటి ఉన్నది. ఆ భూమిలో ఏమున్నదో ఏ కాగితంలోనూ లేదు. అది రాసినవాళ్ళు విద్యార్థులు.

నా మనవరాలు అక్కడే ఎమ్మెస్సీ చదివింది. సెలవులకు వచ్చినప్పుడు దాని సంచీలో ఒక నోటుబుక్కు చూశాను. తేదీ, వేళ, చోటు, కనిపించిన ప్రాణి పేరు, చూసినవారి పేరు, ఫొటో నంబరు. పంచనామాలో మనం రాసే వివరాలన్నీ వరుసగా ఉన్నాయి. “ఎవరు రాయమన్నారే?” అంటే, “ఎవరూ అనలేదు తాతా, మాకు ముందు చదివినవాళ్ళు కూడా రాశారు” అన్నది. అలా ఏళ్ళ తరబడి ఒక బ్యాచి తరువాత ఒక బ్యాచి, తెల్లవారుజామున రాళ్ళగుట్టల్లో, చెరువుగట్ల మీద తిరిగి రాసిన జాబితాలవి. పక్షులే 200 రకాలకు పైన. చుక్కల దుప్పులు, నెమళ్ళు, ఉడుములు, నక్షత్ర తాబేళ్ళు. ఆ ఆవరణలో దొరికిన ఒక సాలీడుకు 2010లో శాస్త్రజ్ఞులు హైదరాబాదు పేరు కలిపి మురీసియా హైదరాబాదెన్సిస్ అని పేరుపెట్టారు. నోట్లో తిరగని పేరే గానీ, మన ఊరి పేరే.

2025 మార్చి 30, ఆదివారం, ఉగాది. మరునాడు రంజాన్. అన్నీ సెలవులు. ఆ రోజు పోలీసు బందోబస్తుతో జేసీబీలు లోపలికి వచ్చాయి. అడ్డుపడిన విద్యార్థులను 50 మందికి పైగా పట్టుకుపోయారు. ఇద్దరిని జైలుకు పంపారు. ఆ కేసులు ఉపసంహరించమని తరువాత ప్రభుత్వమే ఆదేశించింది. ఆ రోజు మా అబ్బాయి కూతురికి ఫోను చేసి, “పండుగపూట ఇంటికి రాకుండా ఈ గొడవలేమిటి, చదువుకోవడానికి పోయావా, పోలీసు స్టేషనుకు పోవడానికి పోయావా” అని కోప్పడ్డాడు. ఆడపిల్ల తండ్రి, ఆ మాత్రం భయం ఉంటుంది. నేను మధ్యలో మాట్లాడలేదు.

విద్యార్థులు తరగతులు మానేశారు, నినాదాలిచ్చారు. అందులో కొత్తేమున్నది? మన రోజుల్లోనూ ఉన్నదే. కొత్త ఏమిటంటే, అడిగినవారికల్లా చూపించడానికి వాళ్ళ దగ్గర రికార్డున్నది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ వారంలోనే కంప్యూటరుతో కల్పించిన బొమ్మలు కూడా ఊరంతా తిరిగాయి. పారిపోతున్న జింకలు, ఏనుగులు కూడానట! అక్కడ ఏనుగులెక్కడివి? అవి చేసినవారు మేలు చేయలేదు. కల్పించిన బొమ్మ ఒక్కటి బయటపడితే నిజమైన ఫొటోలు వందింటిని అనుమానిస్తారు. ప్రభుత్వం వారు పట్టుకున్న వాదన అదే. తేదీ, చోటు, చూసినవారి పేరు ఉన్న జాబితాకు ఆ ప్రమాదం లేదు.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా విషయం చేపట్టింది. తెలంగాణ హైకోర్టు రిజిష్ట్రారును ఆ రోజే వెళ్ళి చూసి రమ్మన్నది. సుమారు 100 ఎకరాలు చదును చేసినట్లు ఆయన నివేదించారు. పనులన్నీ ఆపమని ఉత్తర్వులయ్యాయి. ప్రభుత్వం వారు ఇది రికార్డుల ప్రకారం అడవి కాదన్నారు, నిజమే, రికార్డులో లేదు. కానీ గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న అదే సుప్రీంకోర్టు, అడవి అన్న మాటకు నిఘంటువులో ఉన్న అర్థమే తీసుకోవాలని చెప్పింది. అప్పుడిక పట్టా ఎవరిదన్న ప్రశ్న ఒక్కటే చాలదు, నేల మీద ఏమున్నదో కూడా చూడాలి. ఏప్రిల్ 16న, ఆ 100 ఎకరాలు తిరిగి ఎలా నిలబెడతారో చెప్పమని అడిగింది. ఆగస్టు 13న సమగ్ర ప్రణాళిక తెమ్మన్నది.

మొన్న పార్కులో మన సభ్యులొకరు నన్ను నిలదీశారు. “భూములమ్మితేనే కదా ఖజానాకు డబ్బు, ఖజానాలో ఉంటేనే కదా మన డి.ఆర్.? నువ్వు ఆ పిల్లల పక్షమా, మన పక్షమా?” అన్నారు. న్యాయమైన ప్రశ్న. మందుల ఖర్చు నాకూ ఉన్నది. ఆయనకు నేనొకటే చెప్పాను. మన పెన్షను ప్రతినెలా వచ్చే డబ్బు, భూమి ఒక్కసారి అమ్మితే వచ్చే డబ్బు. ప్రతినెలా ఇవ్వవలసిన ఖర్చును ఒక్కసారి వచ్చే రాబడితో తీర్చవచ్చునని ఏ ట్రెజరీ గుమాస్తా ఒప్పుకుంటాడు? ఆయన ఇంకా ఒప్పుకోలేదు. రేపు కూడా వాదించుకుంటాం.

ఒక విన్నపంతో ముగిస్తాను. మనవరాలి స్నేహితులు కొందరు ఇప్పుడు పాత రికార్డులు చదవడం నేర్చుకుంటామంటున్నారు. సేత్వార్ అంటే ఏమిటి, ఫైసల్ పట్టీ అంటే ఏమిటి, ఉర్దూ పహాణీలో ఏ గడిలో ఏముంటుంది, చెప్పేవాళ్ళు కావాలట. ఉర్దూ చేతిరాత నాకు అంతంత మాత్రమే వచ్చు. పాత తాలూకా కచేరీల్లో పనిచేసి ఆ రాత ధారాళంగా చదవగలవారు ఈ సభలో కనీసం ముగ్గురున్నారని నాకు తెలుసు. ఆదివారాలు ఉదయం రెండు గంటలు వీలుచేసుకోగలవారు భోజనాలకు లేచేముందు కార్యదర్శిగారి దగ్గర పేరివ్వండి. పిల్లలే మన ఆఫీసుకు వస్తారు, మనం బస్సెక్కనక్కరలేదు.