వడ్రంగి కొట్టములో అడుగుల మోటార్లు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కొలది కాలము క్రిందట మేమొక గ్రామమునకు పోయి, అచట ఒక వడ్రంగి కొట్టములో ఒక యంత్రమును చూచితిమి. ఇనుప చట్రము, దానిపై అటునిటు కదలు దూలము, ఆ దూలమునకు అమర్చిన చిన్న కోత మోటారు, మూలలందు పిడికిలంత చదరపు మోటార్లు. కంప్యూటరుపై గీచిన లతను అది టేకు పలకపై చెక్కును. దీనిని సి.ఎన్.సి. రౌటరు అందురు. ఐ.టి.ఐ. చదివిన ఆ ఇంటి కుమారుడు తండ్రి కూడబెట్టిన సొమ్ముతో దానిని స్వయముగా కూర్చెను.

మేము పోయిన దినమున యంత్రము నిలిచియున్నది. ద్వారబంధమునకై చెక్కిన పలక ఒకటి గోడకు ఆనించియున్నది. దానిపై లత చక్కగా ప్రాకివచ్చి, ఒకచోట అంగుళము మేర ప్రక్కకు జరిగి, అటుపై మరల అదే అందముతో, కాని జరిగిన చోటనుండియే, సాగినది. పలక పాడైనది. “ఇంట చేసిన యంత్రము ఇంతే” అని ఊరివారు తీర్మానించిరి. పంచాయతీవారు తమ పాత గదిని ఆ యువకునికి అద్దెకిత్తుమన్న మాటయు సందేహమున పడినది.

యథార్థమునకు దోషము యంత్రములో లేదు. ఒక్క తీగ బిగింపులో ఉన్నది. మేము ఇంజనీర్లము కాము. అయినను ఆ యువకుని ప్రక్కన ఒక పూట కూర్చుండి తెలిసికొన్న దానిని, పిమ్మట చదివి సరిచూచుకొన్న దానిని మీకు విన్నవింతుము.

మన బావి మోటారు విద్యుత్తు అందినంత సేపు తిరుగును. అది ఎన్ని చుట్లు తిరిగినదో ఎవరికిని అక్కరలేదు. ఈ యంత్రపు మోటారు అట్టిది కాదు. దీని పేరు స్టెప్పరు మోటారు. విద్యుత్ పల్సు ఒకటి వచ్చినచో ఒక్క అడుగు తిరిగి నిలుచును. సాధారణముగ దొరకు మోటారునకు ఒక అడుగనగా 1.8 డిగ్రీలు, అనగా చుట్టునకు 200 అడుగులు. దానిని నడుపు డ్రైవరు అను పెట్టె ఒక్కొక్క అడుగును 8 భాగములుగా విభజించినచో చుట్టునకు 1,600 పల్సులు కావలెను. ఒక చుట్టునకు 5 మిల్లీమీటర్లు జరుపు మరకడ్డీని అమర్చినచో, ఒక్క మిల్లీమీటరునకు 320 పల్సులు. ఉలి పట్టిన చేతికి ఇంత లెక్క ఎన్నడును అవసరపడలేదు గదా!

ఇందలి చిక్కు వినుడు. ఆజ్ఞలిచ్చు పలక పల్సును పంపునే గాని, మోటారు అడుగు వేసినదో లేదో చూడదు, వేసినదనియే నమ్మును. తీగ వదులై క్షణకాలము స్పర్శ తప్పినచో కొన్ని అడుగులు పోవును. పలకకు ఆ సంగతి తెలియదు. మిగిలిన లత యావత్తు ఆ మేరకు జరిగిపోవును. అడుగు పడినదీ లేనిదీ తిరిగి తెలుపు మోటార్లును కలవు, కాని వాని వెల హెచ్చు.

సంఖ్యలతో యంత్రమును నడుపు ఈ విద్యను అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 1952లో ప్రదర్శించినది. నాడది పెద్ద కర్మాగారముల సొత్తు. 2009లో నార్వే దేశస్థుడు సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ ఇందుకు అవసరమైన ప్రోగ్రామును ఉచితముగ విడుదల చేసెను. అరచేత ఇముడు ఆర్డుయినో పలకపై అది నడచుటచే, నేడీ విద్య మన కొట్టముల దాక వచ్చినది.

ఇక తీగల మాట. మోటారునుండి నాలుగు తీగలు వచ్చును. లోపల రెండు కాయిళ్ళు, ఒక్కొక్క దానికి రెండేసి. ఏది దేనికి జంటయో రంగును బట్టి నమ్మరాదు. ఒక తయారీదారుని ఎరుపు మరియొకనికి నీలము కావచ్చును. డ్రైవరునకు కలుపక ముందే రెండు తీగల కొనలను తాకించి ఇరుసును వ్రేళ్ళతో త్రిప్పి చూడవలెను. సులువుగ తిరుగు ఇరుసు బిగిసినట్లయినచో ఆ రెండును జంట. ఒక జంట డ్రైవరుపై ‘ఎ’ గుర్తులకు, రెండవది ‘బి’ గుర్తులకు పోవలెను. జంటలు కలగలిసినచో మోటారు మూలుగుచు వణకునే గాని తిరుగదు. ఒక జంటలోని రెండు కొనలు మాత్రమే తారుమారైనచో ఎదురు దిశకు తిరుగును. అందు నష్టము లేదు, విద్యుత్తు ఆపి మార్చుకొనవచ్చును.

‘విద్యుత్తు ఆపి’ అను మాటను ఒత్తి పలుకుచున్నాము. డ్రైవరు పనిచేయుచుండగా మోటారు తీగను ఊడదీయుట కాని బిగించుట కాని కూడదు. కాయిలులో పారు ప్రవాహమును హఠాత్తుగ త్రెంచినచో వోల్టేజి ఒక్కసారిగ ఎగసి డ్రైవరును కాల్చును. ఆ కొట్టమున జరిగినదియు ఇదియే. పలక చెడిన తొందరలో స్విచ్చి ఆపకయే వదులు తీగను బిగింపబోయిరి. డ్రైవరు కాలినది.

మోటారుపై వ్రాసిన ఆంపియర్లకు సరిపోవునట్లు డ్రైవరుపై గల చిన్న స్విచ్చులను అమర్చవలెను. తక్కువైనచో బలము చాలక అడుగులు తప్పును. ఎక్కువైనచో మోటారు మాడును. చేయి ఆనించలేనంత వేడి ఈ మోటార్లకు సహజమే, అంతమాత్రమున బెదరనక్కరలేదు.

బెదరవలసినది వేరొకటి. డ్రైవరునకు పోవునది 24 లేక 36 వోల్టుల మెల్లని విద్యుత్తే. కాని దానిని తయారుచేయు సప్లయి పెట్టెకు మన ఇంటి 230 వోల్టులే వచ్చును. పెక్కు పెట్టెలపై ఆ మరలు మూతలేక బయటనే ఉండును. చుట్టును పిల్లలు, చెక్కపొట్టు. సప్లయి పెట్టెను, ఇనుప చట్రమును తప్పక ఎర్తునకు కలుపవలెను. కోత మోటారును, డ్రైవర్లను ఒక్క దెబ్బతో ఆపు ఎర్రని మీట చేతికందునంత దూరమున ఉండవలెను. కోత మోటారు తీగను పల్సులు మోయు తీగలతో కలిపి కట్టరాదు. దాని అలజడి వీనికి సోకి, లేని పల్సులు పుట్టును. దూలము అంచు చేరినపుడు ఆపు స్విచ్చులను, మామూలుగ కలిసియుండి తాకినపుడు విడిపోవు విధమున కలుపుట మేలు. అట్లయిన తీగ తెగినను యంత్రము ఆగును.

ఇదంతయు పంచాయతీవారికేల అందురేమో. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో చిన్న పరిశ్రమలు, గ్రామ కుటీర పరిశ్రమలు, సాంకేతిక శిక్షణ కలవు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకపు 18 వృత్తులలో వడ్రంగము ఒకటి. దరఖాస్తులపై తొలి పరిశీలనను గ్రామ పంచాయతీ స్థాయియందే నిర్ణయించిరి. ఇట్టి యంత్రము మంచిదా చెడ్డదా అను ప్రశ్న మీ ముందుకే వచ్చును. పాడైన పలకను చూచి కాదనుటకు ముందు, తీగల కొనలు చూపుమని అడుగుడు.

ఆ యువకుడు క్రొత్త డ్రైవరు తెచ్చి, ప్రతి తీగకొనకును లోహపు తొడుగు వేసి బిగించెను. మొదట పనికిరాని మామిడి చెక్కపై అదే లతను మూడుమార్లు చెక్కి, మూడును ఒకదానిపై ఒకటి ఉంచి చూపెను. గీతకు గీత కలిసినది. పంచాయతీవారు గదిని ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఐతే ఆ పాత గదిలోని ప్లగ్గులకు రెండే రంధ్రములు, ఎర్తు లేదు. ముందుగా గుంత త్రవ్వించి ఎర్తు వేయించి, లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయించిన పిమ్మటనే తాళపుచెవి ఇత్తుమని సర్పంచి గారు చెప్పిరి.