కార్జంలో నీటి బుడగ



నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో గొర్రెల మంద ఉన్నచోట కుక్క ఉంటుంది. ఏ పెద్దగట్టు జాతరకో, దావతుకో యాటను కోస్తారు. కార్జంలో నీటి బుడగ కనబడుతుంది. దాన్ని ఏం చేస్తారు? కుక్కకు విసిరేస్తారు. రోగం అక్కడే మొదలు.

బుడగలో పురుగు పిల్లలుంటాయి. అవి కుక్క పేగులో పెరుగుతాయి. పెరిగినా 3 నుంచి 6 మిల్లీమీటర్లే. వాటి గుడ్లు కుక్క మలంలో పడతాయి. గడ్డితో గొర్రెకు చేరుతాయి. కుక్కను నిమిరి, చేయి కడగకుండా అన్నం తింటే మనిషికీ చేరుతాయి. మనిషి కార్జంలో కూడా బుడగ పెరుగుతుంది. ఏండ్ల తరబడి నొప్పే ఉండదు! దీన్నే హైడాటిడ్ అంటారు.

స్కానింగులో బుడగ నల్లగా కనబడుతుంది. కొందరికి మాత్రలిస్తారు. కొందరికి ఆపరేషన్. కొందరికి సూదితో నీరు తీసి, పురుగును చంపే మందు ఎక్కించి, మళ్లీ తీస్తారు.

"నొప్పి పోయింది గదా, ఇంకా స్కానింగు ఎందుకు?" అంటారు కొందరు. నొప్పిని నమ్మరాదు. బుడగ ముడుచుకొని గట్టిపడుతున్నదా, మళ్లీ నీరు చేరి పెరుగుతున్నదా అన్నది స్కానింగే చెబుతుంది. డాక్టరు రమ్మన్నప్పుడల్లా, కొన్నేండ్ల దాకా పోవాలి. స్కానింగు నొప్పి పెట్టదు.

బుడగలున్న కార్జాన్ని కాల్చాలి. లేదా కుక్క తవ్వలేనంత లోతుగా పాతాలి. మంద కుక్కకు పశువుల డాక్టరుతో పురుగుల మందు ఇప్పించాలి.