బై-ఆంపింగ్ చేద్దామని నాన్న ఆంప్ కాల్చేశా!

ఈమధ్య చాలామంది నన్ను అడుగుతున్న మాట ఒకటే. "అన్నా, నా స్పీకర్ వెనక రెండు కాదు, నాలుగు టెర్మినల్స్ ఉన్నాయి. ఇంకో ఆంప్ తగిలిస్తే సౌండ్ డబుల్ అవుతుందా?" దీనికి జవాబు చెప్పే అర్హత నాకు బాగానే ఉంది. ఎందుకంటే ఇదే ఆశతో మా నాన్న ఆంప్‌ని కాల్చేశాను.

ముందు ఆ నాలుగు టెర్మినల్స్ సంగతి చూద్దాం. పై జత ట్వీటర్‌కి, కింది జత వూఫర్‌కి. రెండింటినీ కలుపుతూ చిన్న ఇత్తడి రేకులు ఉంటాయి, వాటినే జంపర్లు అంటారు. ఆ రేకులు తీసేసి పైకి ఒక ఆంప్, కిందికి ఇంకో ఆంప్ ఇస్తే అదే బై-ఆంపింగ్.

నేను ఏం చేశానంటే, వూఫర్లకి నాన్న పాత స్టీరియో ఆంప్ పెట్టా, ట్వీటర్లకి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నా ఆంప్ పెట్టా. వైర్లన్నీ నీట్‌గా బిగించా. రేకులు మాత్రం తీయలేదు! మర్చిపోయా. ఆన్ చేసి వాల్యూమ్ పెంచాక రెండు నిమిషాలు కూడా పాట రాలేదు. ముందు కాలిన వాసన, తర్వాత నిశ్శబ్దం. నేను ఐదో క్లాసులో ఉన్నప్పుడు నాన్న కొన్న ఆంప్ అది. ఆదివారం పొద్దున మా ఇంట్లో పాత పాటలన్నీ దాంట్లోనే. ఆయన వంటింట్లోంచి వచ్చి చూశారు, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

కోఠి గుజరాతీ గల్లీ దగ్గర ఒక మెకానిక్‌కి ఇచ్చా. మూత తీయగానే అడిగాడు, "రెండు ఆంప్‌లని ఒకదానికొకటి కట్టేశావా బాబూ?" అని. విషయం అదే. రేకు ఉంటే రెండు ఆంప్‌ల అవుట్‌పుట్లు నేరుగా కలిసిపోతాయి. రెండింటి వోల్టేజ్‌లో కొంచెం తేడా ఉన్నా చాలు, కరెంట్ స్పీకర్‌కి పోకుండా ఒక ఆంప్‌లోంచి ఇంకోదాంట్లోకి పోతుంది. దాదాపు షార్ట్ సర్క్యూటే. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయి, మార్చాడు. బతికింది.

మళ్ళీ ప్రయత్నించా. ఈసారి రేకులు తీసి జేబులో వేసుకున్నా. నాన్న టార్చ్ పట్టుకుని పక్కనే నిలబడ్డారు, నమ్మకం లేక! పాట వచ్చింది కానీ ట్వీటర్ చెవుల్లో గుచ్చుతోంది. రెండు ఆంప్‌ల గెయిన్ ఒకటి కాదన్నమాట. స్పీకర్లు విప్పేసి, ఫోన్ నుంచి రెండింటికీ 100 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, మల్టీమీటర్ ఏసీ వోల్ట్స్‌లో పెట్టి చూశా. నాన్నది 2 వోల్టులు, నాది 2.8. అంటే 3 డెసిబెల్స్ తేడా. నా నాబ్ తగ్గించి సమానం చేసి, రెండు నాబ్‌ల మీదా టేప్ అంటించా. వాల్యూమ్ ఇక ఫోన్‌లోనే. (వాల్వ్ ఆంప్ అయితే స్పీకర్ లేకుండా ఇలా అస్సలు నడపకండి.)

మరి సౌండ్ డబుల్ అయ్యిందా? లేదు. స్పీకర్ లోపలి క్రాసోవర్ అలాగే ఉంది కాబట్టి రెండు ఆంప్‌లూ పాట మొత్తాన్నీ మోస్తున్నాయి. ట్వీటర్ ఆంప్ మీద కరెంట్ భారం తగ్గుతుంది గానీ, బాస్ వోల్టేజ్ దానికీ తప్పదు. అందుకే 50 వాట్లు ప్లస్ 50 వాట్లు అంటే 100 కాదు. నిజంగా 100 అయినా పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి డబుల్ అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే 10 రెట్లు పవర్! కొన్ని ఏవీ రిసీవర్లలో బై-ఆంప్ సెట్టింగ్ ఉంటుంది. అక్కడ ఛానెళ్లన్నిటికీ పవర్ సప్లై ఒకటే, ఇంకా తక్కువ ఆశ పెట్టుకోండి.

అసలు మజా యాక్టివ్ బై-ఆంపింగ్‌లో ఉంది. అందులో ఆంప్‌లకి ముందే క్రాసోవర్ పెట్టి బాస్‌ని, ట్రెబుల్‌ని విడగొడతారు. స్పీకర్ లోపలి క్రాసోవర్ తీసేస్తారు. ఏ ఆంప్ పని దానిది. కానీ ట్వీటర్‌కి అడ్డుగా ఏమీ ఉండదు, ఆన్ చేసినప్పుడు వచ్చే ఒక్క "ధబ్" చాలు దాన్ని చంపడానికి. ముందు ఒక కెపాసిటర్ పెట్టుకోవాల్సిందే.

నేనైతే ప్రస్తుతానికి రేకులు మళ్ళీ బిగించేశా. నాన్న ఆంప్ ఒక్కటే రెండు స్పీకర్లనీ నడుపుతోంది. నా ఆంప్‌తో, అటకమీది పాత స్పీకర్లతో వచ్చే ఎపిసోడ్‌లో యాక్టివ్ ట్రై చేద్దాం. నాన్నవి ముట్టుకోను, మాటిచ్చా.