చెప్పవలసినవారికే చెప్పని రహస్యము

2022 ఫిబ్రవరిలో బ్రిటిషు రక్షణశాఖలో ఒకరు పొరపాటున ఒక పట్టికను బయటికి పంపిరి. ఆఫ్ఘనిస్తానులో బ్రిటిషు సేనలకు తోడ్పడితిమని చెప్పి, తాలిబాన్లకు వెరచి ఆశ్రయము కోరిన సుమారు 19,000 మంది వివరములు అందులో ఉన్నవి. 2023 ఆగస్టులో గాని ప్రభుత్వమునకు ఆ సంగతి తెలియలేదు. సెప్టెంబరులో న్యాయస్థానము, ఆ వార్తనే గాక, దానిపై నిషేధమున్నదను మాటను సైతము బయటపెట్టరాదనెను. పట్టిక తాలిబాన్ల చేత పడకమునుపే కొందరిని తరలించుటకట. కొన్ని వారములకైతే నేనును సరే అందును. 2025 జూలై 15 వరకా? పార్లమెంటు మాట అటుంచుడి. ఇల్లు మారవలెనా, ఊరు విడువవలెనా అని తేల్చుకొనవలసిన మనిషికే కబురు లేదు. నిషేధము తొలగిన దినమున, రహస్య తరలింపు మార్గమును మూసివేసితిమని మంత్రి హీలీ సభలో చెప్పిరి. ఇంకను అక్కడే మిగిలిన అనేకులకు హెచ్చరిక చేరినది ఆ దినముననే.