అయిదవ అమ్మాయి

అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో, సెయింట్ మేరీస్ అనే చిన్న కేథలిక్ మహిళా కళాశాల ఉంది. 1844లో హోలీ క్రాస్ సిస్టర్లు ప్రారంభించినది. అక్కడి అమ్మాయిలకు గోల్ఫ్ జట్టు ఉంది. మన రేపల్లెవారికి అంతగా తెలియని ఆట గనుక చెబుతున్నాను: చిన్న బంతిని కర్రతో కొడుతూ 18 గుంటల్లో వేయాలి. తక్కువ దెబ్బలతో ముగించినవారిదే గెలుపు.

అక్కడి కాలేజీ పోటీల్లో సాధారణంగా జట్టుకు అయిదుగురు ఆడతారు, నలుగురి లెక్కే కలుపుతారు. ఎక్కువ దెబ్బలు పడిన అయిదవ లెక్క తీసేస్తారు. అయితే అది ఎవరిదో ఆట ముగిసేదాకా తెలియదు. అందుకే అయిదుగురూ కడవరకు ఆడవలసిందే.

సహోదరీ, వెనుక చాపమీద కూర్చునే నా ప్రార్థన ఏ లెక్కలోకి వస్తుందని గుడికి రావడం మానుకున్నావా? బీద విధవరాలి రెండు కాసులు దేవాలయానికి ఏపాటి? ప్రభువు వాటినే లెక్కించాడు. నీ చాప అక్కడే ఉందమ్మా, ఆదివారం రా.