పల్లె విడిచి పట్నమునకు



రజతోత్సవవేళ ఊరు విడిచి పోవువారిని గూర్చి ముచ్చటించుట కొందరికి అపశ్రుతిగా తోచవచ్చును. కాని ఈ గ్రంథాలయమున చదువుకొన్నవారిలో అనేకులు నేడు ఊర లేరు గదా!

1951లో మన దేశమున నూటికి 17 మంది పట్టణవాసులు. 2011 నాటికి 31 మంది. ఈ పెరుగుదల యంతయు వలసవలననే కలుగలేదు. వలసపోయినవారెల్లరు పట్నపు తళుకులకు ఆశపడిరనుటయు న్యాయము కాదు.

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట మన గుంటూరు, ప్రకాశము సీమలలో పల్లెలు కొంత తెప్పరిల్లినవి. నల్లరేగడిలో ప్రత్తి, మిరప సిరులు కురిపించిన ఏండ్లును గలవు. కాని ఈ రెండును మదుపు మెండుగా కోరు పైరులు. విత్తనము, ఎరువు, పురుగుమందు, కోతకూలి అన్నిటి ఖర్చును ముందు. ధర తేలుట చివర. 1987-88లో తెల్లదోమ ప్రత్తిని పాడుచేసినప్పుడు అప్పులకు తాళలేక రైతులు ప్రాణములు తీసికొనిరి. 2021-22లో తామరపురుగు మిరపపూతను నాశనము చేసినది. పంట పోయినను కౌలుదారునకు కౌలు తప్పదు. అట్టివాని కుమారుడు నెలనెలా చేతికందు చిన్న జీతము కోరి హైదరాబాదు పోయినచో అది సోమరితనము కాదు, లెక్క తెలిసిన పని. సేద్యగానికి పిల్లనిచ్చుటకే తల్లిదండ్రులు వెనుదీయుచున్న కాలమిది.

మన పెద్దలును కదలినవారే. తుంగభద్ర నీటిని నమ్మి బళ్లారి, రాయచూరు ప్రాంతములకు పోయి సాగుచేసిరి. నాడు పొలము కొరకు పోయిరి. నేడు పొలము వదలి పోవుచున్నారు.

మరియొక విశేషము గమనింపుడు. మనవారు పోవుచుండగా, మిరపకోతకు, ప్రత్తితీతకు కర్నూలు సీమ మెట్టపల్లెలనుండి కుటుంబములు మన ఊళ్లకు వచ్చుచున్నవి. వెంట వచ్చిన పిల్లలు బడికి దూరమగుచున్నారు. మనకు పట్నమెట్టిదో, వారికి మన పల్లె అట్టిది.

వలసను నిందించి ఆపజాలము. గిట్టుబాటు ధర, కౌలుదారునకును అందు పంటభీమా, చక్కని బడి, అందుబాటులో వైద్యుడు ఉన్నచో, పోవువాడు ఇష్టపడి పోవును గాని విధిలేక పోడు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలగువారు చదువును పల్లె ముంగిటికి తేవలెనని పాటుపడిరి. ఆ పని ఇంకను మిగిలియున్నది. మిరపకోతల కాలమున సాయంవేళ ఈ పఠనమందిరమున ఆ వలసకూలీల పిల్లలకు ఒక దీపము, ఒక చాప, కొన్ని బొమ్మల పుస్తకములు సమకూర్చుడు. ఊరు విడిచి వచ్చినవారిని ఆదరించిన ఊరే, తన బిడ్డలకు పరాయిచోట ఆదరణ కోరదగినది.