రంగు ఆరకుండా రేడియం అంటిస్తే నష్టం ఎవరికి?

పోర్ట్ క్లాంగ్‌లో మనవాళ్లు సైట్లలోనే కాదు, లారీల వర్క్‌షాపుల్లో కూడా ఉన్నారు. మా సైటు బండ్లకు రంగు, స్టిక్కరింగ్ మేము దగ్గరుండి చేయించుకుంటాం. అక్కడ మనవాళ్లకు ఎదురయ్యే ఒక చిక్కు గురించి ఈరోజు మాట్లాడుకుందాం.

వెస్ట్‌పోర్ట్స్, నార్త్‌పోర్ట్ రేవులకు తిరిగే సరుకు లారీల మీద కంపెనీ పేరు, ఖాళీ బరువు బీటీఎం, లోడుతో కలిపి బరువు బీడీఎం కనబడాలి. ఒకప్పుడు బ్రష్‌తో రాసేవారు. ఇప్పుడు ఎక్కువగా వినైల్, అంటే మన ఊళ్లో రేడియం అని పిలిచే స్టిక్కరే. బండి ఒక్కరోజు ఆగినా ఓనరుకు కిరాయి పోతుంది. అందుకే ఇవాళ రంగు, రేపు స్టిక్కర్ అంటారు. నాలుగు రోజులకు పొక్కులు లేస్తాయి. అప్పుడు తప్పంతా అంటించినవాడిదే అంటారు.

అసలు కారణం వేరే. రంగు చేతికి అంటకపోతే ఆరిందనుకుంటాం. పైపొర ఆరినా లోపల థిన్నర్ ఇంకా ఉంటుంది, మెల్లగా ఆవిరై బయటికొస్తుంది. దానిమీద వినైల్ మూతేస్తే ఆవిరికి దారి ఉండదు, పొక్కు లేస్తుంది. తడి ఆరని ప్లాస్టరింగ్ మీద రంగు వేస్తే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. ఇదీ అంతే. పైగా ఇక్కడి ఉక్క, వానల్లో రంగు ఆరడం ఇంకా ఆలస్యం.

బూత్‌లో వేడిపెట్టిన రంగు త్వరగా గట్టిపడుతుంది. బయట గాలికి ఆరే రంగుకు కనీసం వారం కావాలి, కొన్ని రంగులకు ఇంకా ఎక్కువ. డబ్బా మీద కంపెనీ రాసిన గడువే లెక్క. అనుమానముంటే చిన్న వినైల్ ముక్క కనబడని చోట అంటించి 24 గంటలు ఆగండి. పొక్కులు లేచినా, పీకితే రంగు ఊడొచ్చినా ఆ బండి ఇంకా సిద్ధం కాలేదు.

పొక్కులో తేడా కూడా చూడండి. అంటించేటప్పుడు చిక్కిన గాలి అప్పుడే కనబడుతుంది, సూదితో గుచ్చి నొక్కితే పోతుంది. థిన్నర్ పొక్కులు తర్వాత లేస్తాయి, నొక్కినా మళ్లీ వస్తాయి. అవి పనివాడి చేతి తప్పు కాదు.

అందుకే రంగు వేసిన తేదీ, స్టిక్కర్ వేసిన తేదీ జాబ్ కార్డు మీద రాయండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తొందరపెడితే ఆ మాట వాట్సాప్‌లో పెట్టమని మర్యాదగా అడగండి. మలేషియా 1955 ఉపాధి చట్టం 24వ సెక్షన్ ప్రకారం, చట్టం ఒప్పుకున్న కోతలు తప్ప జీతంలో ఇంకేవీ కొయ్యకూడదు. కోస్తే పే స్లిప్పు, ఆ ఫొటోలు పట్టుకుని జబాతన్ తెనగ కెర్జా, అంటే లేబర్ ఆఫీసుకు వెళ్లొచ్చు.

ఇంకో మాట, ఇది జీతంకన్నా పెద్దది. హార్డనర్ కలిపిన రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ స్ప్రే పీల్చితే ఆస్తమా రావచ్చు. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దాన్ని ఆపవు. గాలి పైపు ఉన్న మాస్కు అడగండి. స్టిక్కర్ వేసేవాళ్లు స్ప్రే జరుగుతున్న షెడ్‌లో నిలబడకండి. ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉంటే డాక్టరుకు మీ పనేంటో చెప్పండి. 2019 జనవరి 1 నుంచి విదేశీ కార్మికులకూ సోక్సో పని ప్రమాద బీమా ఉంది. మీ పేరు నమోదైందో లేదో ఈ వారమే కనుక్కోండి.

రంగు ఆరేదాకా బండి ఆగితే ఓనరుకు పోయేది కొన్ని రోజుల కిరాయి. ఆగకపోతే రంగూ, స్టిక్కరూ, మన జీతమూ మూడూ పోతాయి. ఈ లెక్క ఓనరుకు ముందే చెబుదాం.